కాఠ్మాండూలో 2015 భూకంపానికి కూలిన గుళ్లను సిమెంటుతో ఎందుకు కట్టలేదు? ఇప్పుడు కనిపించేవి పాతవా, కొత్తవా? పోయినవాళ్ల గుర్తుగా అక్కడ ఏముంది?

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి. ఇప్పుడు వెళ్తే కనిపించేది పాతదా, కొత్తదా అన్నది ఒకటి. మళ్లీ భూకంపం వస్తుందని తెలిసి కూడా మట్టి, ఇటుక, చెక్కలతోనే ఎందుకు కట్టారన్నది రెండోది. పోయినవాళ్ల గుర్తుగా నగరంలో ఏముందన్నది మూడోది.

ముందు సూటి జవాబు. 2015లో కూలిన ధరహరా అనే పొడవాటి గోపురం ఇప్పుడు పూర్తిగా కొత్త కాంక్రీటుది. పాత రాజభవనాల ముందున్న దర్బారు చౌకుల్లోని గుళ్లు, కాష్ఠమండపం అనే చెక్క మండపం మాత్రం పాత పునాదుల మీద, శిథిలాల్లోంచి ఏరిన పాత చెక్కను వీలైనంత వాడుకుని, పాత పద్ధతిలో లేపినవి. వీటికి సిమెంటు వాడకపోవడం వెనక భక్తి కంటే ఇంజినీరింగే ఎక్కువ. కూలిన గుళ్లలో చాలావాటి అసలు జబ్బు కుళ్లిన దూలాలు, వదులైన అతుకులు, విడిపోయిన గోడ పొరలు. ఆ జబ్బుకు సిమెంటు మందు కాదు, కొన్నిచోట్ల అదే జబ్బును పెంచుతుంది. ఇక స్మారకం అంటే జనం వెళ్లి నిలబడేది ధరహరా పాత మొండెం దగ్గర. దాని పక్కనే చాలామంది పట్టించుకోకుండా దాటిపోయే ఇంకో పాత గుర్తు కూడా ఉంది, కింద చెబుతాను.

2015 ఏప్రిల్ 25, శనివారం, 11 గంటల 56 నిమిషాలకు 7.8 తీవ్రతతో భూమి కదిలింది. కేంద్రం గోర్ఖా జిల్లా బార్పాక్ దగ్గర, నగరానికి వాయవ్యంగా సుమారు 80 కిలోమీటర్లు. మే 12న మళ్లీ 7.3. నేపాల్ మొత్తం మీద దాదాపు 9,000 మంది పోయారు. వారసత్వ విలువ ఉన్న కట్టడాలు సుమారు 2,900 దెబ్బతిన్నాయని ప్రభుత్వం ఆ ఏడాదే వేసిన అంచనా. నేపాల్‌లో శనివారం సెలవు కాబట్టి బళ్లు మూసి ఉన్నాయి. ఆ ఒక్క కారణంతో పిల్లలు చాలామంది బతికారు. అదే సెలవు వల్ల ధరహరా ఎక్కినవాళ్లూ, చౌకుల్లో కూర్చున్నవాళ్లూ ఎక్కువయ్యారు.

నేల ఎలా ఊగిందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. కాఠ్మాండూ లోయ ఒకప్పుడు సరస్సు. అడుగున వందల మీటర్ల మందాన మెత్తటి బంకమట్టి, ఒండ్రు పొరలున్నాయి. ఆ రోజు ఈ పొరలు నాలుగైదు సెకన్లకు ఒక ఊపు చొప్పున నెమ్మదిగా, పెద్దగా ఊగాయి. నగరం మధ్యలో నమోదైన గరిష్ఠ త్వరణం గురుత్వంలో ఆరో వంతు దగ్గరే, అంటే 0.16 జి. ఇంత పెద్ద భూకంపానికి అది తక్కువ. రెండు మూడు అంతస్తుల మామూలు ఇళ్లు వేగంగా ఊగే రకం కాబట్టి ఈ నెమ్మది ఊపు వాటిని భయపడినంతగా పట్టలేదు. పొడవైనవాటికి, పైన బరువెక్కువగా ఉన్నవాటికి, ముందే వదులైనవాటికి పట్టింది. అందుకే "2015ను తట్టుకుంది కాబట్టి ఈ భవనం గట్టిది" అనే మాటను నమ్మకండి. ఆ భవనానికి అసలు పరీక్షే జరగకపోయి ఉండొచ్చు.

ఇప్పుడు గోడ సంగతి. కాఠ్మాండూ లోయలో పాతకాలం నుంచి ఉన్న నేవార్ల గుడి గోడ బయటికి ఒకే ఇటుక గోడలా కనిపిస్తుంది, లోపల మూడు పొరలు. బయట దాచీ అప్పా అనే నున్నటి కాల్చిన ఇటుక, లోపలి వైపు మామూలు ఇటుక లేదా పచ్చి ఇటుక, మధ్యలో ముక్కలూ మట్టీ కూరిన పొర. దాచీ అప్పా వెనక్కి పోనుపోను సన్నబడుతుంది. అందుకే ముందువైపు అతుకు వెంట్రుకంత సన్నగా ఉండి వాననీరు దూరదు. వెనకవైపు మాత్రం ఖాళీ పెద్దది, అక్కడ మట్టి నిండుతుంది. అందం, నీటి రక్షణ రెండూ దీనివల్లే. బలహీనతా దీనివల్లే. బయటి పొరకూ లోపలి పొరకూ అడ్డంగా పట్టు లేకపోతే ఊపుకు బయటి పొర ఉబ్బి, పొక్కులా ఊడి పడిపోతుంది. 2015 ఫొటోల్లో ఎర్రటి ముఖం రాలిపోయి లోపలి మట్టి బయటపడ్డ గోడలన్నీ ఈ బాపతే.

తిరిగి కట్టేటప్పుడు ఇక్కడ చేయాల్సింది ఖరీదైన పని కాదు, ఓపిక పని. నిర్ణీత ఎత్తుకోసారి గోడ పూర్తి మందానికి అడ్డంగా పోయే ఇటుక వరుస వేయాలి. గోడ చుట్టూ తెగకుండా తిరిగే చెక్క పట్టీలు పీఠం దగ్గర, కిటికీల అడుగున, గుమ్మాల పైన పెట్టి, మూలల్లో ఒకదానిలో ఒకటి దిగేలా చెక్కి చీలలు కొట్టాలి. మధ్య పొరలో ముక్కలు గుమ్మరించి వదిలేయకుండా ప్రతి వరుసకూ ఇటుకే పేర్చాలి. పని తప్పేది ఎక్కువగా ఈ మూడో మెట్టు దగ్గరే, ఎందుకంటే బయటినుంచి ఎవరికీ కనిపించదు. బిల్లు మాత్రం అదే.

పైకప్పు. వాసాల మీద పలకలు, వాటి మీద మట్టి పరుపు, ఆ మట్టిలో జింగటి అనే చిన్న పెంకులు. పది సెంటీమీటర్ల మట్టి అంటేనే చదరపు మీటరుకు 160 నుంచి 180 కిలోల బరువు, తడిస్తే ఇంకా ఎక్కువ. ఇంత బరువును గోడ బయటికి చాచిన చూరు మోయాలి. కింది నుంచి వాలుగా ఆనే చెక్కిన ఊతకర్రలు అందుకే, దేవతామూర్తుల కోసం మాత్రమే కాదు. పెంకుల సందుల్లో రావి మొక్క మొలిచి, రెండు వానాకాలాలు ఎవరూ పీకలేదనుకోండి. దాని వేరు వెంట నీరు దిగుతుంది. ముందు కుళ్లేది వాసం చివర, తర్వాత అది ఆనిన గోడ మీది అడ్డదూలం. కింద నిలబడి చూసేవాడికి గుడి నిక్షేపంగా ఉంటుంది. భూమి ఊగినప్పుడు కుళ్లిన ఆ చివర జారుతుంది, టన్నుల బరువున్న కప్పు గోడను నెట్టుకుంటూ దిగుతుంది. నా లెక్కలో భూకంపానికి ముందు ఏటా పెంకులు సర్ది మొక్కలు పీకే మనిషికి ఇచ్చే జీతం, భూకంపం తర్వాత పెట్టే ఏ ఖర్చు కంటే విలువైనది.

స్తంభాల అడుగు. దీనికి కాష్ఠమండపం కంటే మంచి ఉదాహరణ లేదు. కాఠ్మాండూకు పేరిచ్చిన కట్టడం, మారు టోల్‌లో ఉంది. ఆ శనివారం అక్కడ రక్తదాన శిబిరం జరుగుతోంది, కూలినప్పుడు లోపల జనం ఉన్నారు. అది 12వ శతాబ్దం నాటిదని చాలాకాలం అనుకున్నారు. కూలాక నేపాల్ పురావస్తు శాఖ, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి తవ్వితే పునాదులు 7వ శతాబ్దానికి వెళ్లాయి. రెండు మీటర్లకు పైగా లోతు, లోపల అడ్డగోడలతో తొమ్మిది గదుల మండలం ఆకారం. ఆ పునాది చెక్కుచెదరలేదు. కట్టడాన్ని మోసే నాలుగు పెద్ద నడి స్తంభాల్లో ఒకటి మాత్రం తన అడుగు రాతికి సరిగా బిగిసి లేదని తేలింది.

ఇది చిన్న లోపంలా వినిపిస్తుంది. స్తంభం అడుగున చెక్కిన మొన రాతిలోని గుంటలో కూర్చుంటే, ఊపు వచ్చినప్పుడు స్తంభం కొంచెం వాలి మళ్లీ తన చోటికి వస్తుంది. మొన కుళ్లిపోతే స్తంభం బరువుతో నిలబడి ఉంటుందంతే, ఊపుకు రాతి మీంచి పక్కకు జారుతుంది. నాలుగింటిలో ఒకటి జారితే మిగతా మూడూ తమవి కాని బరువును ఒక్క క్షణంలో అందుకోవాలి. పైగా కింది అంతస్తు నాలుగు వైపులా తెరిచి ఉన్న మండపం, అడ్డంగా ఆపే గోడ తక్కువ. మరమ్మతుల్లో జరిగే పాపం ఎక్కువగా ఇక్కడే: నేల అందంగా ఉండాలని స్తంభాల అడుగును పలకలతో, సిమెంటుతో కప్పేస్తారు. కప్పాక ఎవరూ చూడలేరు, తడి మాత్రం లోపలే ఉంటుంది.

సిమెంటు ఎందుకు వద్దంటున్నామంటే. మట్టి గోడ, చెక్క చట్రం రెండూ కొద్దికొద్దిగా కదులుతూ శక్తిని అరగదీసుకునే రకం. వాటి నడుమ గట్టి కాంక్రీటు దూలం పెడితే బరువంతా గట్టిదాని మీదికి పోతుంది, పగులు గట్టిదీ మెత్తదీ కలిసేచోట పడుతుంది. గోడ పైన పోసిన బరువైన కాంక్రీటు పట్టీ ఊపు వచ్చినప్పుడు కింది మట్టి ఇటుకను పొడి చేస్తుంది. చెక్క చివరను కాంక్రీటులో పాతితే చెమ్మ బయటికి పోలేదు, పదీ ఇరవై ఏళ్లలో లోపల పిండి మిగులుతుంది. ఇక ఆయుష్షు. ఇనుప కడ్డీ తుప్పు పట్టడం మొదలయ్యాక కాంక్రీటును విప్పి బాగుచేయలేం, పగలగొట్టాల్సిందే. చెక్క గుడిని మాత్రం ఒక్కో కర్ర విప్పి, కుళ్లిన చివరను కోసి కొత్తది అతికి, మళ్లీ చీలలు బిగించవచ్చు. ఆ గుళ్లు శతాబ్దాలు నిలిచింది అలా విప్పుతూ, మారుస్తూ ఉండటం వల్లే. అదే లోయలోని భక్తపూర్ పట్టణంలో ఐదంతస్తుల న్యాతపోల గుడి (1702) 1934 భూకంపాన్నీ 2015 భూకంపాన్నీ దాటింది, పైభాగం కొద్దిగా దెబ్బతిన్నదంతే. దాని కింద ఐదు మెట్ల వెడల్పాటి పీఠం ఉంది, నిర్మాణంలో నాలుగు వైపులా సమతూకం ఉంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత పద్ధతి పేరుతో ఏ లోహమూ ముట్టకూడదనే వాదన నాకు అంగీకారం కాదు. భక్తపూర్ దర్బారు చౌకులో చ్యాసిలిన్ మండపం అని ఎనిమిది మూలల కట్టడం ఉంది. 1934లో కూలితే 1990లో జర్మనీ సాయంతో తిరిగి కట్టారు, లోపల ఉక్కు చట్రం పెట్టారు. కట్టిన రోజు నుంచి దాని మీద విమర్శే. 2015లో చుట్టూ గుళ్లు పడిపోయాయి, అది నిలిచింది. తెరిచిన మండపాలకు, అంటే అడ్డగోడలు లేని వాటికి, దాచిపెట్టిన ఉక్కు సాయం సమంజసమే. రెండు షరతులు: తుప్పు పట్టని ఉక్కు కావాలి, ఎప్పుడైనా విప్పి తీయగలిగేలా బోల్టులతో ఉండాలి. కాంక్రీటు ఈ రెండో షరతులోనే ఓడిపోతుంది.

లోయలోని మరో పాత నగరం పాటన్‌లో చార్ నారాయణ్ (1566), హరిశంకర్ (1706) గుళ్లు నేలమట్టమయ్యాయి. అక్కడ మొదటి రోజుల్లోనే స్థానికులు, పోలీసులు, సైనికులు చెక్కిన దూలాలను చేతులతో ఏరి మ్యూజియం ఆవరణలో దాచారు. తర్వాత ప్రతి ముక్కకూ నంబరు వేసి, పాత కొలతల చిత్రాలతో పోల్చి, విరిగినవి అతికి, లేనివి మాత్రమే కొత్తగా చెక్కించారు. మొదటి వారం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి చూడండి. శిథిలాలను జేసీబీతో ఎత్తి లారీలో పోసిన చోట ఈ పని అసాధ్యం. యంత్రం చెక్కను విరగ్గొట్టడమే కాదు, కింది పాత పునాది రాళ్లను కూడా పెకిలిస్తుంది. జనం చిక్కుకున్నచోట యంత్రం దింపక తప్పదు. మిగతాచోట్ల ముందు ఫొటో, తర్వాత నంబరు, ఆ తర్వాతే ఎత్తడం.

కొత్త చెక్కతోనూ తిప్పలున్నాయి. ఈ గుళ్లకు వాడేది సాల వృక్షం, మన గుగ్గిలం చెట్టే. గట్టి కర్ర ఆరడానికి అంగుళం మందానికి ఏడాది చొప్పున పడుతుందని వడ్రంగుల మోటు లెక్క. పదంగుళాల స్తంభానికి అన్నేళ్లు ఎవరు ఆగుతారు? పచ్చి కర్రతోనే నిలబెడతారు. రెండు మూడు ఎండాకాలాల్లో అది కుంచించుకుని చీలలు వదులవుతాయి. కాబట్టి ప్రారంభోత్సవంతో పని అయిపోదు. మొదటి మూడేళ్లు ఏటా ఎండాకాలం చివర ఎవరో ఒకరు చెక్క సుత్తితో అన్ని చీలలూ తట్టి చూసి బిగించాలి. ఒప్పందంలో ఈ ఖర్చు రాయకపోతే ఎవరూ చేయరు.

ఒప్పందం అన్నాను కాబట్టి: తక్కువ ధర కోట్ చేసినవాడికే పని ఇచ్చే టెండరు పద్ధతి ఈ కట్టడాలకు సరిపడదు. రోడ్లు వేసే గుత్తేదారు దగ్గర చెక్క చెక్కే మనిషి ఉండడు. కాష్ఠమండపం విషయంలో స్థానికులు టెండరును వ్యతిరేకించి, సంఘంగా ఏర్పడి, 2018లో పని చేతిలోకి తీసుకుని 2022లో పూర్తిచేశారు. బౌద్ధనాథ్ స్తూపం పైభాగం భక్తుల విరాళాలతో 2016 నవంబరుకే పూర్తయింది. ప్రభుత్వం నడిపిన వాటి కంటే స్తూపం ముందు కావడం యాదృచ్ఛికం కాదనే నా అభిప్రాయం.

రాణీపోఖరి దీనికి తిరగబడ్డ ఉదాహరణ. 1670లో ప్రతాప మల్ల తన కొడుకు పోయిన దుఃఖంలో రాణిని ఓదార్చడానికి తవ్వించిన కోనేరు అది. భూకంపం తర్వాత దాని పనుల్లో కాంక్రీటు గోడలు లేపుతుంటే జనం అడ్డుకున్నారు. పోసిన కాంక్రీటును తీసేయాల్సి వచ్చింది, అడుగున మళ్లీ నల్ల బంకమట్టి పరిచారు. కోనేటి అడుగును కాంక్రీటు చేస్తే నీళ్లు నిలుస్తాయి గాని నేలతో సంబంధం తెగిపోతుంది. బంకమట్టి తడిసి ఉబ్బి తన పగుళ్లను తనే మూసుకుంటుంది, నేల కదిలినా దానితోపాటే సర్దుకుంటుంది. 2020 అక్టోబరులో పూర్తయింది. నడుమనున్న గుడి 2015కు ముందు గుమ్మటంతో ఉండేది. ఇప్పుడు ప్రతాప మల్ల కాలపు శిఖర రూపంలో ఉంది. అంటే మీరు చూసేది కూలినదాని నకలు కాదు, దానికంటే పాతదాని ఊహ. తప్పా ఒప్పా అనేది నిపుణుల్లోనే తేలలేదు. నాకైతే ఆధారాలున్నంతవరకు ఒప్పే.

ధరహరా, స్మారకం. 1820ల్లో ప్రధాని భీంసేన్ థాపా కాలంలో మొదలైన గోపురం ఇది. 1934లో కూలితే తొమ్మిది అంతస్తులుగా మళ్లీ కట్టారు. ఎత్తు 61.88 మీటర్లు, మెట్లు 213. ఇటుక, సున్నం, సుర్కీ (ఇటుక పొడి)లతో కట్టిన సన్నటి పొడవాటి గొట్టం. ఒత్తిడికి గట్టిది, వంపుకు కాదు. ఊగినప్పుడు ఒక వైపు ఇటుకలు సాగదీతకు గురవుతాయి, సున్నానికి ఆ శక్తి దాదాపు లేదు. ఒకసారి అడ్డంగా పగిలితే పైభాగానికి పట్టు ఉండదు. 2015లో అడుగు మొండెం తప్ప మొత్తం పడింది. ఇలాంటి ఆకారాన్ని, జనాన్ని పైకి ఎక్కించే ఉద్దేశంతో, మళ్లీ సున్నంతో కట్టడం బాధ్యతారాహిత్యం. కాబట్టి కొత్తదాన్ని కాంక్రీటుతో కట్టడం సరైనదే. 22 అంతస్తులు, 2021 ఏప్రిల్ 24న ప్రారంభించారు. నాకు నచ్చని సంగతి దాని భారీతనం. పక్కనున్న పాత మొండెం దాని ముందు పిల్లలా కనిపిస్తుంది, కూలిన ఎత్తు ఎంతో ఊహించే అవకాశం పోయింది. అయినా మొండాన్ని పెకిలించకుండా ఉంచడం మంచి నిర్ణయం. వెళ్తే ముందు దాన్ని చూడండి. విరిగిన అంచు దగ్గర గోడ మందం, ఇటుక వరుసలు గమనించండి.

అక్కడి నుంచి నడిచే దూరంలోనే న్యూరోడ్డు మీద భూగోళ్ పార్కు ఉంది. 1934 జనవరి 15 భూకంపంలో పోయినవాళ్ల స్మారకం అది. ఆ భూకంపానికి నేపాల్‌లో 8,519 మంది పోయారు. న్యూరోడ్డు కూడా ఆ శిథిలాల మీద అప్పటి ప్రధాని జుద్ధ షంషేర్ వేయించినదే. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు, పత్రికలు చదివేవాళ్లు అక్కడ కూర్చుంటారు, రాతిని చూసేవాళ్లు తక్కువ.

ఒక్క పూట ఉంటే ఇలా నడవండి: రాణీపోఖరి, ఎదురుగా 1934లో కూలి మళ్లీ కట్టిన ఘంటాఘర్ (గడియారపు గోపురం), అక్కడి నుంచి దక్షిణంగా ధరహరా, వెనక్కి న్యూరోడ్డులో భూగోళ్ పార్కు, ఆ రోడ్డు చివర దర్బారు చౌకు, మారు టోల్‌లో కాష్ఠమండపం.

పాతదీ కొత్తదీ గుర్తుపట్టడానికి చెక్క రంగే మొదటి ఆధారం. నల్లబడి అంచులు అరిగినది పాతది, ఎర్రగా పదునైన అంచులతో ఉన్నది కొత్తది. ఒకే కర్రలో రెండు రంగులు వాలుగా కలిస్తే కుళ్లిన భాగాన్ని కోసి అతికారన్నమాట, అది మంచి పనికి గుర్తు. మొత్తం ఒకే రంగులో మెరుస్తుంటే రంగు పూశారేమో అనుమానించండి. తర్వాత మెట్ల పీఠం చూడండి. చాలాచోట్ల గుడి పడినా పీఠం నిలిచింది, అరిగిన ఆ రాళ్లూ ఇటుకలూ అసలువే. గోడ అతుకుల్లో బూడిద రంగు గీత కనిపిస్తే అది సిమెంటు. చివరగా చూరు కింద నిలబడి పైకి చూడండి, వాసాల చివర్ల మీద తడి మరకలు గాని, పెంకుల సందున పచ్చటి ఆకు గాని కనిపిస్తే అక్కడి సంఘం వాళ్లకు చెప్పి రండి.